టోకెన్ దొరుకుతోంది, కుర్చీ దొరకడం లేదు

ప్రశ్న: మేడమ్, మాది గాజువాక. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, మున్సిపల్ హైస్కూల్లో పదో తరగతి. కింది దవడలో కుడివైపు పెద్ద పన్ను పుచ్చిపోయింది. రాత్రిళ్ళు నొప్పికి లేచి కూర్చుంటోంది. ప్రైవేటులో రూట్ కెనాల్‌కీ క్యాప్‌కీ కలిపి చెప్పిన డబ్బు మా వల్ల కాదు. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే ఓపీ అయిపోయింది రేపు రమ్మన్నారు. ఫోన్లో టోకెన్ తీసుకోమని ఎవరో చెప్పారు, ఆధార్‌లో ఉన్నది పాత నంబరు, ఓటీపీ రాలేదు. ఎలాగో టోకెన్ సంపాదించి వెళ్తే అది చీటీ రాయించుకోడానికేనట, డాక్టరు గది ముందు మళ్ళీ లైను. ఎక్స్‌రే తీసి రెండు వారాలాగి రమ్మన్నారు. వెళ్తే కుర్చీ రిపేరు అన్నారు. ఆ తర్వాత వెళ్తే వేరే డాక్టరు ఉన్నారు, "పీకించేయండమ్మా, ఒక్క పూటలో అయిపోతుంది" అన్నారు. మా ఆయన ఆటోనగర్లో ఒక కంపెనీలో వెల్డరు. నేను బట్టల షాపులో చేస్తాను, రాని రోజు జీతం కోత. అమ్మాయేమో ఇంక నేను రాను, పీకించేస్తే గొడవ వదిలిపోతుంది అంటోంది. మార్చిలో పరీక్షలు. వెనక తమ్ముడున్నాడు, ఏడో తరగతి, వాడి పళ్ళూ అంతంతమాత్రమే. పీకించేయమంటారా? అసలు ఈ అపాయింట్‌మెంట్ అనేది ఎలా తీసుకోవాలి?
ఒక తల్లి, గాజువాక

సమాధానం:

అమ్మా, ముందు పన్ను సంగతి చూద్దాం, లైను సంగతి తర్వాత. పీకించకండి. కనీసం ఆ పన్ను నిలబడదని ఒక డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పేదాకా పీకించకండి.

మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్ను అయ్యుంటుంది. పాలపళ్ళు ఒక్కటీ ఊడకముందే, వాటి వెనకాల చప్పుడు లేకుండా వచ్చేస్తుంది కాబట్టి చాలామంది తల్లులు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. ఎలాగూ ఊడేదే కదా అని ఊరుకుంటారు. అది ఊడేది కాదు, జీవితాంతం నమిలేది. పుచ్చిపోయే శాశ్వత పళ్ళలో ఎక్కువసార్లు కనపడేది కూడా ఇదే, ఎందుకంటే నోట్లో అందరికంటే సీనియర్. పైన గుంటలు లోతుగా ఉంటాయి, ఆరేళ్ళ పిల్లకి బ్రష్ అంత వెనక్కి పోదు. అమ్మాయి చాక్లెట్లు తినే తెచ్చుకుందని ఇంట్లో ఎవరైనా సాధిస్తుంటే ఆ మాట ఆపేయమనండి.

ఇప్పుడు పీకేస్తే ఆ పూటకి నొప్పి పోతుంది, నిజమే. తర్వాత వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, పై దవడలో దానికి ఎదురుగా ఉన్న పన్ను కిందికి దిగుతుంది. అటువైపు నమలడం మానేస్తుంది. కొన్నేళ్ళకి అక్కడ పన్ను కట్టించాలంటే ఇప్పుడు రూట్ కెనాల్‌కి చెప్పినదానికంటే ఎక్కువే అవుతుంది. జ్ఞానదంతం వచ్చి ఆ ఖాళీ నింపుతుందని కొందరు ధైర్యం చెబుతారు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మరి ఆ డాక్టరు పీకించేయమని ఎందుకన్నారు? పన్ను చిగురు కిందిదాకా విరిగిపోయినా, వేరు చీలిపోయినా పీకడమే సరైన వైద్యం, అందులో తప్పులేదు. కానీ ప్రభుత్వ డెంటల్ ఓపీలో పనిచేసినదాన్ని కాబట్టి ఇంకో కారణం కూడా చెబుతాను. పన్ను పీకడానికి తిమ్మిరి ఇంజెక్షన్‌తో కలిపి పావుగంట చాలు. దవడ పన్నుకి రూట్ కెనాల్ అంటే ఒక్కో సిట్టింగూ ముప్పావుగంట, గంట. అలాంటివి రెండు మూడు సిట్టింగులు. బయట బెంచీల మీద దవడ పట్టుకుని జనం కూర్చుని ఉంటారు, లోపల పనిచేసే కుర్చీ ఒకటే ఉంటుంది. ఒకరి పన్ను నిలబెట్టే సమయంలో ముగ్గురి నొప్పి తీసి పంపొచ్చు. అందుకని నోరు తెరిచి చూడగానే "పీకేద్దాం" అనే మాట వచ్చేస్తుంది. అది ప్రతిసారీ పన్నుని చూసి అన్న మాట కాదు, బయట లైనుని చూసి అన్న మాట. కాబట్టి మీరు అడగాల్సింది "ఏం చేయాలి సార్?" అని కాదు. "ఈ పన్ను నిలబెట్టడానికి వీలవుతుందా, అవదా?" అని అడగండి. వీలవుతుంది కానీ ఇక్కడ టైము లేదు అంటే, అది పన్ను సమస్య కాదు, చోటు సమస్య. చోటు మారిస్తే సరిపోతుంది.

ఈ రాత్రికి ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. దేనికైనా అలర్జీ లేకపోతే, లివరు జబ్బులాంటివి లేకపోతే, పదిహేనేళ్ళ పిల్లకి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర వేయొచ్చు. మాత్రకీ మాత్రకీ ఆరు గంటల ఎడం ఉండాలి, రోజుకి నాలుగు దాటకూడదు. మాత్ర మింగించండి, పంటి పక్కన నొక్కి పెట్టించకండి. అలా పెడితే చిగురు తెల్లగా కాలిపోతుంది, పంటి నొప్పికి పుండు నొప్పి తోడవుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించవచ్చు. పడుకునేటప్పుడు తలకింద ఇంకో దిండు వేస్తే పోటు కాస్త తగ్గుతుంది. మందులషాపులో ఇచ్చే యాంటీబయాటిక్ కోర్సులు మాత్రం కొనకండి. వాపు, జ్వరం లేని పంటి నొప్పికి అవి పనిచేయవు. నరం లోపల బిగుసుకుపోయి వచ్చే నొప్పి అది, పన్ను తెరిస్తే గానీ తగ్గదు.

వీటన్నిటికీ మించిన మాట ఇంకొకటి. బుగ్గ వాచి ఆ వాపు కంటివైపు పాకినా, దవడ కిందికి, మెడలోకి దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడానికో ఊపిరికో ఇబ్బందైనా ఓపీ గురించి, టోకెన్ గురించి ఆలోచించొద్దు. అర్ధరాత్రయినా 108కి ఫోన్ చేసి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్ళండి. పంటి చీము మెడలోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అపాయింట్‌మెంట్. మీ ఉత్తరం చదివితే మీరు ఎక్కడ చిక్కుకున్నారో అర్థమైంది. మొదటిసారి వచ్చే పేషెంటుకి ప్రభుత్వాసుపత్రిలో ప్రైవేటు క్లినిక్‌లోలా 'పదకొండింటికి మీ వంతు' అనే ఏర్పాటు మామూలుగా ఉండదు. ఆసుపత్రి గోడ మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే టోకెన్, చీటీ రాసే కౌంటరు దగ్గర లైను తగ్గించడానికి పెట్టింది. పేరూ, వయసూ, ఊరూ అక్కడ నిలబడి చెప్పే పని తప్పుతుంది, అంతే. డాక్టరుకి దానితో సంబంధం లేదు. ఈ సంగతి కౌంటరు దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టొచ్చు, ఎవరూ పెట్టరు. జనం మాత్రం టోకెన్ చూపించి తలుపు దగ్గర అటెండరుతో గొడవపడుతుంటారు.

కాబట్టి మొదటి సందర్శనకి బుకింగ్ కోసం ఫోన్లో కుస్తీ పట్టడం మానేయండి. ఆభా నంబరు (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య గుర్తింపు నంబరు) లేకపోయినా చీటీ రాస్తారు, అది ఐచ్ఛికం. సోమవారం వెళ్ళకండి, ఆదివారం నొప్పంతా సోమవారమే వస్తుంది. పండగ సెలవు మర్నాడు కూడా అంతే. బుధ, గురువారాలు నయం. కౌంటరు తెరిచే వేళకే అక్కడ ఉండండి. డెంటల్ ఓపీలో కొత్త కేసులు ఉదయం కాసేపే తీసుకుంటారు, మధ్యాహ్నం దాకా తీసుకుంటూ పోలేరు. కారణం చాలామందికి తెలియదు. ఒక నోట్లో వాడిన పరికరాల్ని కడిగి, ప్యాక్ చేసి, ఆవిరి యంత్రంలో స్టెరిలైజ్ చేశాకే ఇంకో నోట్లో పెట్టాలి. సెట్లు ఎన్ని ఉంటే ఆ ఉదయానికి అన్ని నోళ్ళే. మీతో కుర్చీ రిపేరు అన్నారు కదా, చాలాసార్లు పాడయ్యేది కుర్చీ కాదు, దాని వెనకుండే కంప్రెసర్. పన్ను తొలిచే మిషన్ గాలి ఒత్తిడితో తిరుగుతుంది. కంప్రెసర్ ఆగిపోతే డాక్టరు ఉన్నా సిమెంటు పెట్టలేరు, రూట్ కెనాల్ చేయలేరు. పళ్ళు పీకడం మాత్రం చేయగలరు, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. అందుకే మిషన్ పాడైన రోజున వచ్చినవాళ్ళకి పీకించుకోమనే సలహా ఎక్కువగా దొరుకుతుంది!

అసలైన అపాయింట్‌మెంట్ మొదటిసారి కుర్చీలో కూర్చున్నాక పుడుతుంది. అది ఫోన్లో ఉండదు, మీ ఓపీ చీటీ వెనకాల ఉంటుంది. మీకు "రెండు వారాలాగి రండి" అన్నారు. అది తారీఖు కాదమ్మా. కుర్చీ దిగకముందే చీటీ మీద మూడు ముక్కలు రాయించండి: ఏ తారీఖు, ఏ డాక్టరు, ఏ పని. "ఫలానా రోజు, రూట్ కెనాల్ రెండో సిట్టింగ్" అని రాసుంటే ఆ రోజు డ్యూటీలో ఎవరున్నా మళ్ళీ మొదటినుంచి చూడరు, వేరే సలహా ఇవ్వడానికీ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఉత్త చీటీతో వెళ్తే మీరు ప్రతిసారీ కొత్త పేషెంటే. రాయమని అడిగితే డాక్టర్లు విసుక్కుంటారని భయం వద్దు. పాత కేసుకి తారీఖు రాసుంటే వాళ్ళకీ పని సుళువే. ఎక్స్‌రేని ఫోన్లో ఫొటో తీసుకోండి, కిటికీ వెలుతురుకి పెట్టి తీస్తే బాగా వస్తుంది. ఆసుపత్రి మారినప్పుడు అది పనికొస్తుంది.

రెండు వారాలు ఆగమన్నప్పుడు అడగాల్సిన ముఖ్యమైన మాట ఇంకోటుంది: "డాక్టరుగారూ, ఈ రోజే పన్ను తెరిచి లోపల మందు పెట్టి పంపగలరా?" రూట్ కెనాల్ మొత్తం ఒక్కరోజులో అవ్వక్కర్లేదు. పన్నుని తెరిచి, చెడిపోయిన నరం తీసి, మందు పెట్టి, పైన తెల్ల సిమెంటుతో మూసేస్తే రాత్రి నొప్పి చాలావరకు అక్కడితో ఆగుతుంది. మిగతా సిట్టింగులు అమ్మాయి స్కూలుని బట్టి వేయించుకోవచ్చు. "రాత్రిళ్ళు నిద్రలేదు, నొప్పి దానంతటదే లేస్తోంది, చల్లవీ వేడివీ తాగలేకపోతోంది" అని లక్షణాలు చెప్పండి. ఉత్తినే "నొప్పి" అంటే బయటున్న అందరిదీ నొప్పే. నిద్రలో లేపే నొప్పి అని వింటే డాక్టరుకి ఆ పన్ను ఏ స్థితిలో ఉందో అర్థమైపోతుంది.

ఇక్కడే చాలా కేసులు చెడిపోయేది. నొప్పి పోగానే మళ్ళీ రారు. ఆ తెల్ల సిమెంటు కొన్ని వారాల కోసం పెట్టింది, తుఫాను తర్వాత ఎగిరిన రేకుల మీద టార్పాలిన్ కప్పినట్టు. అది అరిగిపోయి లోపలికి ఉమ్ము దిగిందంటే పన్ను మళ్ళీ పాడవుతుంది, ఈసారి నిజంగానే పీకాల్సి వస్తుంది. నొప్పి లేని పంటి కోసం జీతం కోసుకుని లైన్లో నిలబడడం కష్టమే. అయినా తప్పదు.

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి అన్నది. విశాఖ విచిత్రమైన ఊరు. కంటికి వేరే ప్రభుత్వాసుపత్రి ఉంది, ముక్కు చెవి గొంతుకి వేరే ఉంది, ఛాతీకి వేరే, మనసుకి వేరే, కాన్పులకి ఘోషా ఆసుపత్రి ఉంది. పంటికి మాత్రం ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఇక్కడ లేదు, విజయవాడలో ఉంది, కడపలో ఉంది. ఇంత ఊరికి, చుట్టుపక్కల జిల్లాలకి కలిపి కేజీహెచ్ డెంటల్ విభాగం మీదే భారమంతా పడుతోంది. ఇది ఎప్పుడో సరిచేయాల్సిన లోటు, రాజకీయ నాయకులకి పళ్ళు పోటెత్తితే ప్రైవేటుకి వెళ్తారు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

మీ విషయంలో మాత్రం అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న వేరే. మీ ఆయనకి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, ఉందా? ఆటోనగర్లో కంపెనీ అంటున్నారు. పదిమంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట, నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉంటే ఈఎస్‌ఐ కట్టాలి. జీతం చీటీ తీసి చూడండి. జీతంలో 0.75 శాతం ఈఎస్‌ఐ పేరుతో కోత పడుతుంటే మీరందరూ ఆ కార్డు కిందికి వస్తారు, అమ్మాయి కూడా. చాలా ఇళ్ళలో ఈ కోత నెలనెలా పడుతూనే ఉంటుంది. మగవాళ్ళకి అదేదో పీఎఫ్ లాంటిదని తెలుసు, ఆడవాళ్ళకి ఆ మాటే తెలియదు. మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది, గాజువాక నుంచి మీకు కేజీహెచ్ కంటే అది దగ్గర. కార్డులో భార్యా పిల్లల పేర్లు ఎక్కించారో లేదో చూసుకోండి. ఎక్కించకపోతే కంపెనీ ఆఫీసులో ఆధార్ కాపీలిచ్చి ఎక్కించమనండి. ముందు మీ డిస్పెన్సరీకి వెళ్ళి, పంటి డాక్టరు ఏయే రోజుల్లో ఉంటారో, రిఫరల్ ఎలా రాస్తారో అడగండి. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళకీ ఈఎస్‌ఐ వర్తిస్తుంది, "మాకు లేదు" అని కాంట్రాక్టరు అన్నా ఒకటికి రెండుసార్లు అడగాలి.

ఈఎస్‌ఐ లేకపోతే, మీ వైపు అగనంపూడిలో ప్రభుత్వాసుపత్రి ఉంది. అక్కడ డెంటల్ డాక్టరు ఉన్నారా, రూట్ కెనాల్ చేస్తున్నారా, మిషన్ నడుస్తోందా అనేవి వెళ్ళేముందే కనుక్కోండి. మీ వార్డు సచివాలయంలో ఉండే ఏఎన్ఎంని అడగండి, వాళ్ళ దగ్గర ఆసుపత్రి నంబర్లుంటాయి. ఒక్క ఫోనుతో మీకు ఒక రోజు జీతం మిగులుతుంది.

అదీ కుదరకపోతే డెంటల్ కాలేజీలు. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, తగరపువలస దగ్గర సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ. ఇవి ప్రైవేటువే, ఉచితం అని చెప్పను. కానీ విద్యార్థులు నేర్చుకునే చోటు కాబట్టి బయట క్లినిక్‌లతో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. హాలులో కుర్చీలు వరసగా ఉంటాయి, ఒకటి పాడైతే పక్కదానిలో కూర్చోబెడతారు. హౌస్‌సర్జన్లు, పీజీలు చేస్తారు, ప్రతి మెట్టు దగ్గరా పెద్ద డాక్టరు వచ్చి చూసి సరే అన్నాకే ముందుకెళ్తారు. అందువల్ల టైము ఎక్కువ పడుతుంది, ఓపిక కావాలి. పిల్లలు చేస్తారట కదా అని భయపడకండి. హడావుడిగా ఉన్న అనుభవజ్ఞుడి కంటే, వెనక గురువు నిలబడి ఉన్న పీజీ చేసిన రూట్ కెనాల్ మీద నాకు నమ్మకం ఎక్కువ. మరో లాభం: ఒక పీజీకి కేసు అప్పజెప్పాక ఆ కేసు పూర్తిచేయడం వాళ్ళకీ అవసరమే. సిట్టింగ్ మర్చిపోతే వాళ్ళే ఫోన్ చేస్తారు. ప్రభుత్వంలో మీకు దొరకని అపాయింట్‌మెంట్ అది. క్యాప్ కూడా అక్కడే అడగండి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను పెళుసుగా అవుతుంది, క్యాప్ లేకపోతే ఏ శనగలో కొరికినప్పుడు రెండు ముక్కలవుతుంది. డబ్బు సమకూరేదాకా గట్టి ఫిల్లింగ్ పెట్టించి, క్యాప్ కొన్నాళ్ళు వెనక్కి జరపొచ్చా అని డాక్టరుని అడగండి. కొన్ని పళ్ళకి కుదురుతుంది.

గాజువాక నుంచి రుషికొండ అంటే ఊరు ఈ చివరినుంచి ఆ చివరికి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు కాబట్టి ఛార్జీల బాధ తప్పింది. ఇద్దరూ ఆధార్ కార్డులు చేతిలో పెట్టుకోండి.

ఆధార్ అన్నాను కాబట్టి ఓటీపీ సంగతి. పదిహేనేళ్ళు నిండిన పిల్లలకి ఎలాగూ ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప మళ్ళీ ఇవ్వాలి, అది తప్పనిసరి. ఆ పనికి ఆధార్ సెంటరుకి వెళ్ళినప్పుడే ఫోన్ నంబరు కూడా మార్పించేయండి, ఒకే లైన్లో రెండూ అయిపోతాయి. పదో తరగతి తర్వాత ఇంటర్ అడ్మిషన్‌కీ, స్కాలర్‌షిప్‌కీ ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది. పంటి కోసం మొదలుపెట్టినా దానికి మాత్రమే పనికొచ్చేది కాదు.

మున్సిపల్ స్కూలు కాబట్టి హెడ్‌మాస్టరుని ఇంకో మాట అడగండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒకటి నడుస్తోంది. ప్రభుత్వ బడుల్లో 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఏడాదికోసారి వైద్య బృందం వచ్చి చూడాలి, చూడాల్సిన జబ్బుల జాబితాలో పళ్ళు కూడా ఉన్నాయి. మీ అమ్మాయిని చూసి రిఫరల్ రాశారేమో, ఆ కాగితం స్కూలు బీరువాలో ఉందేమో అడగండి. రిఫరల్ ఉంటే పెద్దాసుపత్రిలో మీరు దారినపోయి వచ్చినవాళ్ళు కారు, ప్రభుత్వమే పంపించిన కేసు. హెడ్‌మాస్టరుతో మాట్లాడేటప్పుడే సిట్టింగ్ తారీఖులు చెప్పి, ఆ పూటలకి పర్మిషన్ ముందే తీసుకోండి. సంక్రాంతి సెలవుల్లో భోగి, సంక్రాంతి, కనుమ వదిలేస్తే మిగతా రోజుల్లో ఓపీలు మామూలుగానే నడుస్తాయి. ఒకటి రెండు సిట్టింగులు అక్కడ సర్దితే పరీక్షల నాటికి పని పూర్తవుతుంది.

మీకు జీతం కోత పడకుండా ఉండాలంటే ప్రతిసారీ మీరే వెళ్ళక్కర్లేదు. 18 నిండని పిల్లలకి మత్తుసూది ఇవ్వడానికీ, పన్ను తెరవడానికీ పెద్దవాళ్ళ సంతకం అడుగుతారు. మొదటి రోజు మీరు వెళ్ళి సంతకం పెట్టి, తర్వాతి సిట్టింగులకి పిన్నో అమ్మమ్మో వస్తుందని చెప్పి కేసు షీటులో రాయించండి. రాయించకపోతే అమ్మమ్మని చూసి వెనక్కి పంపుతారు.

ఇంక అమ్మాయి. "రాను" అంటోందంటే మొండితనం అనుకోకండి. ఆ వయసు పిల్ల, పదిమంది చూస్తుండగా నోరు తెరిచి పడుకోవాలి, పుచ్చిన పన్ను చూసి "ఇన్నాళ్ళూ ఏం చేశారమ్మా" అని డాక్టరు తల్లిని తిడుతుంటే వినాలి. తిరిగి తిరిగి పని అవకుండా ఇంటికి రావాలి. ఎవరికైనా విసుగొస్తుంది. ఈసారి డాక్టరుతో తననే మాట్లాడనివ్వండి. నొప్పి ఎప్పుడొస్తుంది, ఎంతసేపుంటుంది అనేది ఆ పిల్లకే తెలుసు. "నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తుతాను, ఆపండి" అని ముందే చెప్పుకోమనండి, ఏ డాక్టరూ కాదనరు. చీటీ, ఎక్స్‌రే ఫైలు తన చేతికే ఇవ్వండి. పీకించుకుంటే ఏమవుతుందో నేను పైన రాసిన ముక్క తనకి చదివి వినిపించండి, నిర్ణయంలో తనకీ మాట ఉందని తెలియాలి. పై పన్ను పీకిస్తే చూపు పోతుందనీ, రూట్ కెనాల్ చేస్తే చదువు ఎక్కదనీ చుట్టాలు చెప్పేవి మాత్రం వినిపించకండి, అవన్నీ ఉత్తుత్తివే. ఇంకొక చిన్న జాగ్రత్త: ఖాళీ కడుపుతో తీసుకెళ్ళకండి. పొద్దున్నే బయల్దేరి, టిఫిన్ మానేసి, మూడు గంటలు లైన్లో నిలబడి, సూది చూసేసరికి కళ్ళు తిరిగి పడిపోయే పిల్లలు ఎక్కువ. అప్పుడు ఆ రోజు సిట్టింగ్ పోయినట్టే. రెండిడ్లీలు తిని, పళ్ళు తోముకుని బయల్దేరమనండి.

రాసిచ్చిన తారీఖున వెళ్తే మళ్ళీ పని జరగలేదనుకోండి. డాక్టరు గది ముందు గొంతు పెంచి లాభం లేదు, అక్కడున్న అటెండరు చేతుల్లో ఏమీ ఉండదు. నేరుగా ఆర్‌ఎంవో (ఆసుపత్రి పాలన చూసే అధికారి) గదికి వెళ్ళండి. తారీఖు రాసున్న చీటీ చూపించి, "ఈ రోజు కాకపోతే ఏ రోజో దీని మీదే రాసి సంతకం పెట్టండి" అని నెమ్మదిగా అడగండి. ఇక్కడ కూడా తేలకపోతే 1100కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. అర్జీలో కష్టాలన్నీ రాయకండి. ఓపీ నంబరు, వెళ్ళిన తారీఖులు, ఏ రోజు ఏమన్నారు, కావాల్సిందేమిటి, అరపేజీ చాలు. "డెంటల్ కుర్చీ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు కాగితం మీద వస్తే ఆ విభాగం డాక్టర్లు కూడా లోలోపల సంతోషిస్తారు. రిపేరు కోసం వాళ్ళు పెట్టిన ఫైలు అప్పటికే ఎక్కడో ఆగి ఉంటుంది.

తమ్ముడి గురించి ఒక్క మాట. ఏడో తరగతి అంటే పన్నెండేళ్ళు, రెండో పెద్ద దవడ పళ్ళు వచ్చే వయసు. అవి వచ్చిన కొత్తల్లోనే పై గుంటల్ని సీలెంట్ అనే పూతతో మూసేస్తే అక్క పంటికి వచ్చిన గతి చాలావరకు తప్పుతుంది. సూది ఉండదు, నొప్పి ఉండదు, ఒక్కో పంటికి కొన్ని నిమిషాల పని. డెంటల్ కాలేజీకి వెళ్తే పిల్లల పళ్ళ విభాగంలో అడగండి. అక్క సిట్టింగ్ రోజునే వాడినీ తీసుకెళ్ళొచ్చు, కాకపోతే వాడికి వేరే ఓపీ చీటీ రాయించాలి, అక్క చీటీ మీద వాడిని చూడరు.